కొమ్ములూ పొల్లులూ మాయం: ఒక డేటాబేస్ తరలింపు డైరీ

సోమవారం

పాత పుస్తకాల క్యాటలాగ్ ఒకటి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉంది. దాన్ని పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లోకి తేవాలి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ వివరాలు, నాలుగు ముక్కల పరిచయం, పాఠకుల అభిప్రాయాలు, పత్రికల పాత సంచికల సూచిక. టేబుళ్లు పెద్దవేం కావు. డేటా దాదాపు అంతా తెలుగే.

టేబుల్ నిర్వచనం తెరిస్తే క్యారెక్టర్ సెట్ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) దగ్గర లాటిన్1 అని ఉంది. ఇందులో వింతేం లేదు. 2018లో 8.0 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్‌లో ఏమీ చెప్పకపోతే దక్కేది లాటిన్1 మాత్రమే. కానీ లాటిన్1 పశ్చిమ యూరప్ భాషల పట్టిక, అందులో తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. అయినా పాత అప్లికేషన్‌లో తెలుగు నిక్షేపంగా కనిపిస్తోంది. నా టూల్‌లోంచి అదే టేబుల్ చూస్తే మాత్రం చెత్త.

కారణం పాతదే. పేజీ యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో, బైట్లు పంపుతుంది. అప్లికేషన్ కనెక్షన్ లాటిన్1 అని చెప్పుకుంటుంది, టేబుల్ కూడా లాటిన్1. రెండు వైపులా ఒకటే పేరు ఉంది కాబట్టి సర్వర్ ఏమీ మార్చదు. వచ్చిన బైట్లను వచ్చినట్టే దాస్తుంది, అడిగితే అలాగే ఇస్తుంది. అప్లికేషనూ టేబులూ ఒకే అబద్ధం చెబుతున్నంత కాలం గొడవ రాదు. నా టూల్ యూటీఎఫ్-8 కనెక్షన్‌తో వెళ్లేసరికి సర్వర్ తన పనిగా లాటిన్1 నుంచి యూటీఎఫ్-8కి మార్చి ఇస్తోంది. చెత్త పుట్టేది అక్కడ. టేబుల్‌లో ఉన్న బైట్లకు ఏమీ కాలేదు.

బైట్లు ఒకసారి రాసి పెట్టుకుంటే ముందుముందు పనికొస్తుంది. స్క్రీన్ మీద హెక్స్‌లో (పదహార్ల లెక్కలో) కనిపిస్తాయి కానీ ఇక్కడ మామూలు పదుల లెక్కలోనే రాస్తున్నాను. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 చోట్లు ఉన్నాయి. యూటీఎఫ్-8లో వీటిలో ప్రతి ఒక్కటీ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 గానీ 177 గానీ. మూడోది 128, 191ల మధ్య ఏదైనా. ఉదాహరణకు ‘క’ అంటే 224 176 149. లాటిన్1 కళ్లతో చూస్తే 224 నెత్తిన గీత ఉన్న చిన్న రోమన్ అక్షరం, 176 డిగ్రీ గుర్తు °, 177 ప్లస్ మైనస్ గుర్తు ±. అందుకే తెలుగు ఇలా చెడినప్పుడు ఆ గీత అక్షరం, దాని పక్కన ° లేదా ±, తెర నిండా బారులు తీరి ఉంటాయి. అది కనిపిస్తే నాకు కాస్త ధైర్యం, ఎందుకంటే డేటా బతికే ఉంది. డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదని అర్థం. ప్రశ్నార్థకాలు కనిపిస్తేనే టెన్షన్ పడాలి.

మంగళవారం

“అన్నా, ఆల్టర్ టేబుల్ కమాండ్ పెట్టి యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్ చేయమంటే ఒక్క లైన్‌లో అయిపోతుంది కదా” అన్నాడు టీమ్‌లో కుర్రాడు. మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8కు ఆ పేరు.

“అది అక్షరాల్ని మారుస్తుంది తమ్ముడూ. మనకు బైట్లు కదలకూడదు, వాటి మీదున్న పేరు మారాలి.”

వాడికి ఒక టెస్ట్ టేబుల్ మీద చేసి చూపించాను. కన్వర్ట్ ఇవ్వగానే సర్వర్ ‘క’లోని మూడు బైట్లను మూడు వేరు వేరు లాటిన్ అక్షరాలుగా చదివింది. వాటిని ఒక్కొక్కటిగా యూటీఎఫ్-8లో రాసింది: 195 160, 194 176, 226 128 162. మూడు బైట్ల అక్షరం ఏడు బైట్లు అయింది. రెండుసార్లు ఎన్‌కోడ్ కావడం అంటే ఇదే. మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండిపోయేవాళ్లు కాలమ్‌ను ముందు బైనరీ రకానికి మార్చి, అక్కడి నుంచి యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌కి మార్చుకోవాలి. మధ్యలో బైనరీ ఉంటే మార్చడానికి సర్వర్‌కు అక్షరాలే కనిపించవు.

మేం బయటికి వెళ్తున్నాం కాబట్టి డేటాను బైట్లుగా తీసుకుంటే చాలు. మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ఎగుమతి టూల్‌ను మామూలుగా నడిపితే అది యూటీఎఫ్-8 కనెక్షన్ తెరుస్తుంది, అంటే చెత్తనే ఫైల్‌లోకి రాస్తుంది. డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని దానికి చెప్పి, డంప్‌లో కనెక్షన్ ఎన్‌కోడింగ్‌ను ప్రకటించే సెట్ నేమ్స్ లైన్ రాకుండా ఆపొచ్చు. కానీ నాకు అంతకన్నా నచ్చింది సెలెక్ట్ ఇంటూ అవుట్‌ఫైల్, ఫలితాన్ని నేరుగా ఫైల్‌లోకి రాసే కమాండ్. క్యారెక్టర్ సెట్ ఏదీ చెప్పకపోతే అది ఏ మార్పూ లేకుండా బైట్లు రాస్తుంది. పైగా ట్యాబ్‌లతో విడదీసిన ఆ ఫైల్ రూపం, ఖాళీ విలువకు వాడే బ్యాక్‌స్లాష్ గుర్తుతో సహా, ఫైల్‌ను టేబుల్‌లోకి ఎక్కించే పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్‌కు దాదాపు అలాగే సరిపోతుంది.

కొత్త డేటాబేస్‌ను యూటీఎఫ్8 ఎన్‌కోడింగ్‌తో తయారు చేశాను. ఎస్‌క్యూఎల్ ఆస్కీ పెడితే ఎర్రర్లే రావని ఎవరో సలహా ఇచ్చారు. నిజమే, ఆ ఎన్‌కోడింగ్‌లో పోస్ట్‌గ్రెస్ బైట్లను అసలు తనిఖీ చేయదు. నాకు ఎర్రర్లు కావాలి. ఈ పనిలో నా పక్షాన ఉన్నవి అవొక్కటే.

బుధవారం

కాపీ మొదలుపెట్టిన కాసేపటికే ఆగింది. యూటీఎఫ్8లో చెల్లని బైట్ల వరుస అని ఎర్రర్.

ఇక్కడ చాలామంది చేసే పని క్లయింట్ ఎన్‌కోడింగ్ (మనం పంపే బైట్లు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చెప్పే సెట్టింగ్) మార్చి చూడటం. కుర్రాడు అదే మొదలుపెట్టాడు. విన్1252 (విండోస్ 1252 పట్టిక) పెడితే 141 అనే బైటుకు యూటీఎఫ్8లో సమానమైనది లేదని ఎర్రర్ వచ్చింది. లాటిన్1 పెడితే ఆగిన చోటున్న లైన్లు ఏ పేచీ లేకుండా లోపలికి వెళ్లిపోయాయి. వాడి మొహం వెలిగింది. తీరా సెలెక్ట్ చేసి చూస్తే అన్నీ రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన అక్షరాలు. ఎర్రర్ ఇవ్వని దారే ఎక్కువ ప్రమాదం.

లాటిన్1 అనే పేరు ఈ రెండు డేటాబేస్‌లలో ఒకటి కాదు. పోస్ట్‌గ్రెస్‌లో అది అసలైన ఐఎస్ఓ 8859-1 ప్రమాణం. మైఎస్‌క్యూఎల్‌లో లాటిన్1 అంటే నిజానికి విండోస్ 1252. అందులోనూ చిన్న సవరణ ఉంది. విండోస్ 1252 పట్టికలో అయిదు గళ్లు ఖాళీ: 129, 141, 143, 144, 157. మైఎస్‌క్యూఎల్ ఆ అయిదింటికీ అవే సంఖ్యలున్న కంట్రోల్ అక్షరాలను కేటాయించి, ఏ బైటూ పోకుండా చూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ విన్1252 ఆ సర్దుబాటు చేయదు, ఖాళీ గడిని ఖాళీ అనే అంటుంది. ఈ అయిదు గళ్ల సంగతి ఈ వారమంతా మా వెంట పడింది.

క్లయింట్ ఎన్‌కోడింగ్‌ను తిరిగి యూటీఎఫ్8కి పెట్టి, కాపీకి ముందు ఫైల్‌ను లైను లైనుగా చదివే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. యూటీఎఫ్-8గా చెల్లే లైన్లు ఒక ఫైల్‌లోకి, చెల్లనివి ఏ చోట తప్పాయో రాసుకుని ఇంకో ఫైల్‌లోకి. కాపీకి అడ్డుపడేవాటిలో మూడు రకాలు తేలాయి.

సున్నా బైటు ఉన్నవి కొన్ని. మైఎస్‌క్యూఎల్‌కు అభ్యంతరం లేదు, పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్‌లో సున్నా బైటు పట్టదు. అవుట్‌ఫైల్‌లో అది బ్యాక్‌స్లాష్ సున్నాగా వస్తుంది, కాపీ దాన్ని మళ్లీ సున్నా బైటుగా చదివి ఆగిపోతుంది. ఇవి నా స్క్రిప్ట్‌కు చెల్లేవిగానే కనిపిస్తాయి కాబట్టి విడిగా వెతకాలి. తీసేస్తే సరి, వాటికి అర్థమేమీ లేదు.

రెండో రకం తోకలు తెగినవి. పరిచయం కాలమ్ వార్‌చార్ 255. లాటిన్1లో 255 అంటే 255 బైట్లే. తెలుగులో 85 కోడ్ పాయింట్లు, అంటే గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కపెడితే రెండు వాక్యాలు కూడా రావు. వాక్యంలో ఖాళీలు, చుక్కలు ఒక్కో బైటే కాబట్టి కత్తెర పడే చోటు మూడింటి లెక్కకు అందదు. అక్షరం మధ్యలో తెగి చివర 224 ఒక్కటే, లేదా 224తో పాటు 176 గానీ 177 గానీ మిగులుతాయి. పాత అప్లికేషన్‌లో వాక్యం చివర కనిపించే నల్ల డైమండ్ గుర్తు ఇదే. సగం అక్షరాన్ని కోసేసి, ఈ రికార్డులకు ‘అసంపూర్ణం’ అని ఒక ఫ్లాగ్ పెట్టాను. సరిగ్గా అక్షరం అంచున తెగినవి ఎర్రర్ ఇవ్వవు కాబట్టి 253 బైట్లు దాటిన ప్రతి రికార్డుకూ అదే ఫ్లాగ్.

మూడో రకం చూసి నవ్వొచ్చింది. 224 176 తర్వాత మూడో బైటు ఉండాల్సిన చోట 32, అంటే మామూలు ఖాళీ. అన్నీ ‘పీఠిక’, ‘పాఠం’, ‘కంఠం’ లాంటి మాటలు ఉన్న రికార్డులే. ‘ఠ’ అంటే 224 176 160. లాటిన్ కళ్లతో 160 విడిపోని ఖాళీ (లైను విరగనివ్వని స్పేస్). ఎవరో అడ్మిన్ టూల్‌లో చెత్తగా కనిపిస్తున్న టెక్స్ట్‌నే తెరిచి, ధర మార్చడమో ఏదో చేసి సేవ్ చేశారు. మధ్యలో ఏదో కాపీ పేస్ట్‌లో విడిపోని ఖాళీ మామూలు ఖాళీ అయిపోయింది. ‘భ’కూ ఇదే గతి, దాని మూడో బైటు 173, కనిపించని హైఫన్. చాలా ఎడిటర్లు దాన్ని మింగేస్తాయి. ఈ టేబుల్ వరకు 176 తర్వాత 32 వస్తే ఠ, ఏమీ లేకపోతే భ. ఒక్కో రికార్డూ కంటితో చూసే సరిచేశాను.

గురువారం

పాఠకుల అభిప్రాయాల టేబుల్ వేరే కథ. దాని అసలు సర్వర్ ఎప్పుడో ఆపేశారు, డంప్ ఫైల్ మాత్రమే ఉంది. టేబుల్ యూటీఎఫ్8 అని రాసి ఉంది, లోపల మాత్రం ప్రతి అక్షరం ఆరేడు బైట్లు. టేబుల్‌ను యూటీఎఫ్8గా తయారు చేసినవాళ్లు అప్లికేషన్ కనెక్షన్‌ను లాటిన్1గానే వదిలేశారన్నమాట. రాసేటప్పుడు రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతుంది, చదివేటప్పుడు ఒకటి విప్పుకుంటుంది, ఎవరికీ తెలియదు.

పైథాన్‌లో దీన్ని విప్పడం ఒక్క లైన్ పని అని అనుకుంటారు: విండోస్ 1252గా ఎన్‌కోడ్ చేసి, యూటీఎఫ్-8గా డీకోడ్ చేయడం. తెలుగుకు అది పనిచేయదు. 141 దగ్గర ఎర్రర్ వచ్చి ఆగుతుంది. పోనీ లాటిన్-1గా ఎన్‌కోడ్ చేద్దామంటే ‘క’లోని 149 ఇప్పటికే బుల్లెట్ గుర్తుగా మారి ఉంది, అసలైన లాటిన్-1లో ఆ గుర్తు లేదు. ఒకటి ఇటు ఆగుతుంది, ఇంకొకటి అటు ఆగుతుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి ఉదాహరణలతో రాసిన చిట్కాలు తెలుగు దగ్గర చతికిలపడేది ఇందుకే.

ఆ అయిదు ఖాళీ గళ్లలో తెలుగులో ఏమేం పడతాయో లెక్క తీశాను. 176తో వచ్చేవి: 129 అరసున్న, 143 ‘ఏ’, 144 ‘ఐ’, 157 ‘ఝ’. 177తో వచ్చేవి: 129 కొమ్ము, అంటే ఉకారం గుర్తు, 141 పొల్లు. 157కు నకారపొల్లు ఉంది కానీ అది యూనికోడ్‌లోకి ఈమధ్యే వచ్చింది, పాత డేటాలో ఉండే అవకాశం లేదు. అరసున్న, ఝ సంగతి అలా ఉంచితే కొమ్ము లేకుండా, పొల్లు లేకుండా తెలుగు వాక్యం ఎలా రాస్తాం? ప్రతి వత్తు వెనకా ఒక పొల్లు ఉంటుంది. ‘తెలుగు’ అనే ఒక్క మాటలోనే రెండు కొమ్ములు.

విప్పడానికి రెండు దారులున్నాయి. విండోస్ 1252లో ఉన్న అక్షరానికి దాని బైటు, లేని అక్షరం సంఖ్య 256 లోపు ఉంటే ఆ సంఖ్యనే బైటుగా తీసుకునే మిశ్రమ మార్పిడి పట్టిక (కోడెక్) ఒకటి. పైథాన్‌లో ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీ ‘స్లోపీ విండోస్ 1252’ పేరుతో సరిగ్గా ఇదే ఇస్తుంది. రెండోది, డంప్‌ను తాత్కాలికంగా ఒక మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కించి, కాలమ్‌ను లాటిన్1కి కన్వర్ట్ చేస్తూ అవుట్‌ఫైల్‌కి రాయడం. నేను రెండోదే ఎంచుకున్నాను. ముడి వేసినవాడి చేతే విప్పించడం నయం. తర్వాత మొదటి పద్ధతితోనూ చేసి రెండు ఫైళ్లనూ పోల్చాను, తేడా రాలేదు.

ఇందులో ఒక విచిత్రం. ఆ టేబుల్ యూటీఎఫ్8 అంటే మైఎస్‌క్యూఎల్ పాత మూడు బైట్ల యూటీఎఫ్8. నాలుగు బైట్ల ఎమోజీలు అందులో పట్టవు. అయినా పాఠకులు పెట్టిన ఎమోజీలన్నీ భద్రంగా ఉన్నాయి. రెండుసార్లు ఎన్‌కోడ్ కావడంతో ఒక్కో ఎమోజీ నాలుగు చిన్న అక్షరాలుగా విడిపోయి లోపలికి దూరింది. సరిగ్గా చేసి ఉంటే అవి పోయేవి.

శుక్రవారం

పత్రికల సూచిక. అసలు నొప్పి ఇక్కడే.

ఈ టేబుల్ కూడా రెండుసార్లు ఎన్‌కోడ్ అయి ఉంది. విప్పితే సగానికి పైగా రికార్డులు చెల్లడం లేదు. 224 177 తర్వాత మూడో బైటు లేదు, వెంటనే తర్వాతి అక్షరం 224తో మొదలవుతోంది. ఎక్కడ చూసినా అదే. ఏ దారిన పోయిందో పట్టించింది కోట్ గుర్తులు. తెరిచే కోట్ ప్రతి చోటా ఉంది, మూసే కోట్ ఒక్కటీ లేదు. తెరిచే వంపు కోట్ మూడో బైటు 156, మూసేదాని మూడో బైటు 157. అంటే ఈ ఫైల్ ఎప్పుడో ఒకప్పుడు విండోస్ 1252ను ఖచ్చితంగా పాటించే కన్వర్టర్ గుండా వెళ్లింది. ఎర్రర్ వస్తే వదిలేసి ముందుకు పొమ్మని దానికి చెప్పారు. అది చెప్పినట్టే చేసింది. అయిదు గళ్లలో పడే ప్రతి బైటునూ పారేసింది.

బైటు పోయింది కానీ అది పోయిన చోటు పోలేదు, అదే అదృష్టం. 224 177 ఒంటరిగా కనిపిస్తే అక్కడ ఉండాల్సింది రెండే: కొమ్ము లేదా పొల్లు. 224 176 ఒంటరిగా ఉంటే అరసున్న, ఏ, ఐ, ఝ. ఈ నాలుగూ తేలికే. ఏ, ఐ మాట మొదట్లోనే వస్తాయి, మిగతావి అరుదు. కొమ్ము, పొల్లు మధ్య తేల్చడమే పని.

‘పుస్తకం’లో రెండు ఖాళీలు, నాలుగు రకాలుగా పూరించొచ్చు: పుస్తకం, పుసుతకం, ప్సుతకం, ప్స్తకం. ‘చేస్తున్నప్పుడు’లో ఆరు ఖాళీలు, 64 రకాలు. మనిషికి ఒక్కటే కనిపిస్తుంది, స్క్రిప్ట్‌కు చెప్పాలి.

ముందు వ్యాకరణం సాయం తీసుకున్నాను. ఖాళీ తర్వాత సున్న వస్తే అది కొమ్మే, పొల్లు మీద సున్న రాదు: ‘గుండె’, ‘ముందు’. మాట చివర ఖాళీ ఉంటే చాలావరకు కొమ్ము, తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి. ఒకే హల్లు ఖాళీకి రెండు వైపులా ఉంటే పొల్లు అనే నియమం ఆకర్షణీయంగా కనిపించింది కానీ అది ‘కుక్క’ దగ్గరే బోల్తా పడుతుంది. మూడు ‘క’ల మధ్య రెండు ఖాళీలు, ఒకటి కొమ్ము, ఒకటి పొల్లు. నియమాలతో సగం దూరమే వెళ్తాం.

మిగతా సగానికి మా డేటానే నిఘంటువు అయింది. ఇప్పటికే శుభ్రమైన టేబుళ్లలోని మాటలన్నీ, ఎన్నిసార్లు వచ్చాయో లెక్కతో సహా, ఒక జాబితాగా తీశాను. చెడిన ప్రతి మాటకూ సాధ్యమైన రూపాలన్నీ పుట్టించి, జాబితాలో ఉన్నదొక్కటే అయితే దాన్ని తీసుకున్నాను. రెండో మూడో ఉంటే ఆపి పక్కన పెట్టాను. ఎక్కువగా ఆగినవి అరువు మాటలు: కారు, కార్, పేపరు, పేపర్, నంబరు, నంబర్. రెండూ వాడుకలో ఉన్నాయి, అర్థం మారదు. ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీసుకోవచ్చు కదా అని టీమ్‌లో అడిగారు. శోధనకైతే ఒప్పుకునేవాణ్ని. ఇది క్యాటలాగ్, శీర్షిక ఎలా అచ్చయిందో అలాగే ఉండాలి. అవన్నీ మనుషుల ముందుకే వెళ్లాయి. రెండు రూపాలూ పక్కపక్కన చూపించి, ఒకటి నొక్కితే చాలనే చిన్న పేజీ తయారు చేశాం. జాబితాలో అసలు లేని మాటలు, ముఖ్యంగా ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు కూడా అదే పేజీలోకి.

పూరించిన ప్రతి రికార్డుకూ పాత బైట్లను విడిగా ఒక బైనరీ కాలమ్‌లో ఉంచాను. రేపెవరైనా ఇంతకన్నా మంచి పద్ధతి రాస్తే మళ్లీ మొదటి నుంచి నడపొచ్చు.

శనివారం

చెల్లేవన్నీ లోపలికి వెళ్లాయి. తనిఖీకి అక్షరాలు చూడటం కన్నా బైట్లు పోల్చడం నమ్మకం. మార్పు చేయని రికార్డులకు మైఎస్‌క్యూఎల్ వైపు కాలమ్‌ను బైనరీగా తీసుకుని ఎండీ5 (బైట్లకు వేలిముద్ర లాంటి సంఖ్య), పోస్ట్‌గ్రెస్ వైపు కన్వర్ట్ టు ఫంక్షన్‌తో యూటీఎఫ్8 బైట్లుగా మార్చి ఎండీ5. రెండూ కలవాలి, కలిశాయి. ఆ గీత అక్షరం, దాని పక్కన ° లేదా ± ఎక్కడైనా మిగిలాయా అని ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే వెతికే నమూనాతో, వెతికాను. ఏమీ దొరకలేదు.

శోధనలో ఒక చిక్కు వచ్చింది. కొన్ని పేర్లు తెర మీద ఉన్నా వెతికితే దొరకవు. అన్నిట్లోనూ ఐత్వం. ‘ై’ని ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగా రాయొచ్చు. చూడటానికి ఒకటే, బైట్లు వేరు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, రెండుగా రాసినదాన్ని ఒకే కోడ్ పాయింట్‌గా కలిపే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి అప్‌డేట్ చేస్తే సరిపోయింది. దీన్ని ఎండీ5 పోల్చాకే చేయాలి, ముందు చేస్తే పోలికలు కలవవు.

ఇక ప్రశ్నార్థకాలు. వీటికి ఎర్రర్ రాదు, ప్రశ్నార్థకం చెల్లే అక్షరమే కదా. ప్రధాన టేబుల్‌లో ఒక కాలానికి చెందిన రికార్డులన్నీ ఇలాగే ఉన్నాయి. అప్పట్లో ఎవరో అప్లికేషన్ కనెక్షన్‌ను యూటీఎఫ్8కి సరిచేశారు, టేబుల్‌ను లాటిన్1గానే వదిలేశారు. చెల్లని విలువను ఆపే స్ట్రిక్ట్ మోడ్ లేదు. తెలుగును లాటిన్1లో పెట్టలేక సర్వర్ ఒక్కో కోడ్ పాయింట్‌కూ ఒక్కో ప్రశ్నార్థకం రాసింది. ‘తెలుగు’ ఉన్న చోట 6 ప్రశ్నార్థకాలు ఉంటే రాసేటప్పుడే పోయిందని, 18 ఉంటే బైట్లు తర్వాత ఎక్కడో పోయాయని తెలుస్తుంది. ఇక్కడ 6 ఉన్నాయి. కాబట్టి పాత బ్యాకప్‌లు తవ్వినా లాభం లేదు, అక్కడా ప్రశ్నార్థకాలే ఉంటాయి.

అయినా ఖాళీలు, చుక్కలు, అంకెలు పోలేదు. రచయిత పేరులో 5, 8, 3 ప్రశ్నార్థకాల గుంపులుంటే, రచయితల టేబుల్‌లో అదే కొలతకు సరిపోయే పేర్లు కొన్నే దొరుకుతాయి. దానికి తోడు పేజీ చిరునామా కోసం శీర్షికను రోమన్ లిపిలో రాసిన కాలమ్ ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. ఈ రెంటినీ కలిపి రచయితల పేర్లు చాలావరకు రాబట్టాను. శీర్షికలకు రోమన్ రూపం ఆధారమే తప్ప సాక్ష్యం కాదు, దీర్ఘాలూ ఒత్తులూ అందులో తెలియవు. వాటిని ఊహించి నింపలేదు. పరిచయాలు రాబట్టే మార్గమే లేదు.

ఆ రికార్డుల జాబితాను, ఒక్కోదాని పక్కన రోమన్ శీర్షిక పెట్టి, క్యాటలాగ్ చూసుకునేవారికి పంపాను. పుస్తకాలు తీసి ముఖపత్రం చూసి టైప్ చేస్తామన్నారు. కొత్త డేటాబేస్ సోమవారం నుంచి నడుస్తుంది. పాత సర్వర్‌ను రీడ్ ఓన్లీలో పెట్టాం. ఆ జాబితా పూర్తయ్యేదాకా దాన్ని ఆపొద్దని చెప్పాను.